రెండో పెడల్

"వదులమ్మా, వదులు! మెల్లిగా! అది క్లచ్చు, పేడ కాదు తొక్కి తుడుచుకోడానికి!"

బండి ఒక్కసారి ఎగిరి, దగ్గి, ఆగిపోయింది. వెనకున్న మినీబస్సు హారను మోగించింది. పక్కసీట్లోని డ్రైవింగు మాస్టారు ఎసెన్‌కుల్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పక్కనుంచి పొమ్మని ఊపాడు. ఈ ఘనకార్యం నాది కాదు అని నారిన్ ఊరి వీధంతటికీ ఆ ఊపులోనే చెప్పుకున్నాడు.

బురుల్ గేరు తీసి, తాళం తిప్పి, మళ్ళీ మొదటి గేరు వేసింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఊరికి ఎగువన ముప్పై కిలోమీటర్ల దూరంలో తేనెటీగల్ని పెంచుతుంది. రబ్బరు జోళ్ళు విప్పి సీటు కింద పెట్టి, మెత్తని తోలు మేజోళ్ళతో బండెక్కుతుంది. మొదటిరోజు అది చూసి ఎసెన్‌కుల్, "మసీదనుకున్నావా?" అన్నాడు. "అడుగున ఏం జరుగుతోందో కాలికి తెలియాలి గదా మాస్టారూ," అంది. అప్పట్నుంచీ ఆవిడంటే అతనికి మరికాస్త చిరాకు. నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు నేర్చుకోవాలి గానీ, కారణాలు చెప్పకూడదు.

ఆసుపత్రి ఎత్తు మొదలైంది. సగం ఎక్కేసరికి ఇంజను గోల పెరిగింది. బండి వేగం మాత్రం పెరగలేదు. ముసలివాడొకడు చేతికర్రతో వాళ్ళని దాటుకుని పైకి పోయాడు. కాసేపటికి కాలిన వాసన వచ్చింది, వెంట్రుకలు మాడినట్టు.

"వచ్చిందా? ముక్కైనా పని చేస్తోందా?" ఎసెన్‌కుల్ తన వైపున్న బ్రేకు తొక్కి బండి ఆపేశాడు. శిక్షణ బండి కాబట్టి అతని కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. అవి కడ్డీలతో విద్యార్థి పెడళ్ళకి కలిసి ఉంటాయి. "ఈ ఏడాది ఇది మూడో ప్లేటు. మూడో ప్లేటమ్మా! ఇటు చూడు."

రెండు అరచేతులూ ఆమె మొహం ముందు పెట్టాడు.

"ఇది ఇంజను. ఇది గేర్‌బాక్సు. మధ్యలో ప్లేటు. పెడల్ తొక్కితే విడిపోతాయి. వదిలితే కరుచుకుంటాయి. అటూ ఇటూ కాకుండా కాలు ఆనించి కూర్చున్నావనుకో, ఇలా రాసుకుంటాయి. రాసుకుంటే కాలతాయి. పాలు తాగే పిల్లకి కూడా అర్థమవుతుంది."

"అర్థమైంది మాస్టారూ. కానీ నేను ఆనించలేదు. గేరు వేశాక కాలు తీసి కింద పెట్టాను."

"అయితే నేను తొక్కానా?"

బురుల్ దాన్ని నిజమైన ప్రశ్న కిందే తీసుకుంది. కాస్త ఆలోచించింది.

"మీరు దిగి బయట నిలబడి చూస్తున్నప్పుడు ఈ పెడల్ వేలెడు పైన ఉంటుంది. మీరెక్కి కూర్చున్నాక కిందికి దిగుతుంది. అడుగునుంచి ఒక చప్పుడు కూడా వస్తుంది. రాణీ ఈగ చచ్చిపోతే తేనెపెట్టెలో మూలుగు వస్తుందే, అలా."

ఎసెన్‌కుల్ తల వెనక్కి వాల్చి నవ్వాడు. "అంటే, నేనెక్కితే నా బరువుకి పెడల్ కుంగుతోందన్నమాట! ఈగలు కూడా ఏడుస్తున్నాయి! భలే. దిగు, దిగు. నేను తోలుకుపోతాను."

స్కూలు ముందు బండి ఆపి, ఆమె శిక్షణ కార్డు తీసి, స్టీరింగు మీదే పెట్టుకుని రాశాడు. "పరీక్షకు అనర్హురాలు. క్లచ్ వాడకం రాదు." కింద సంతకం గీశాడు.

"శుక్రవారం పరీక్ష గదా మాస్టారూ."

"నీకు కాదు. నీకు వచ్చే నెల."

"వచ్చే నెలకి పైన పూలు అయిపోతాయి." బురుల్ గొంతు పెంచలేదు. "పోయినేడు ఈగపెట్టెల్ని కొండమీది పూలకి తీసుకుపోతూ కిరాయి డ్రైవరు మలుపుల్లో ఎలా విసిరాడో ఏమో, పైకి చేరేసరికి పదకొండు పెట్టెల్లో తేనెతెట్టెలు తెగి పడ్డాయి. ఈగలు వాటి తేనెలోనే మునిగి చచ్చాయి. అందుకే నేనే తోలుకుందామని వచ్చాను. మా ఇంట్లో బండి ఉంది, తోలే మనిషే లేడు."

"పదకొండేనా? నువ్వు తోలితే మొత్తం పోతాయి. ఆ డ్రైవరుకి దణ్ణం పెట్టుకో."

బురుల్ కార్డు వంక చూసింది. జోళ్ళు తొడుక్కుంది. గురువారం తనకింకా ఒక గంట పాఠం మిగిలి ఉందని గుర్తు చేసి, నడిచిపోయింది.

* * *

మంగళవారం మెకానిక్ జపార్ షెడ్డులో గుంత మీద బండి పెట్టారు. జపార్ తక్కువ మాట్లాడతాడు. కింది పెదవి వెనక ఎప్పుడూ నస్వాయ్ అనే పొగాకు పొడి ఉంటుంది, మాట్లాడాలంటే ముందు బయటికి పోయి ఉమ్మాలి. ఎసెన్‌కుల్‌తో అంత శ్రమ ఎందుకనుకుంటాడో ఏమో, చాలాసార్లు ఊరుకుంటాడు.

ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి పక్కన పెట్టాడు. గేర్‌బాక్సు బోల్టులు తీసి, దాన్ని పొట్టకి ఆనించుకుని, రెండు చేతులా కావలించుకుని వెనక్కి లాగాడు. బరువు మోకాళ్ళ మీదికి వచ్చినప్పుడు ముక్కుతో ఒక్క మూలుగు మూలిగాడు. అంతే. తర్వాత క్లచ్ మూత బోల్టులు ఆరూ ఒక్కసారిగా కాకుండా, ఎదురెదురువి తలా సగం చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ వచ్చాడు.

అప్పుడే బురుల్ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"వచ్చావా?" అన్నాడు ఎసెన్‌కుల్. "రా, చూడు, నీ చేతిపని. కాదు, కాలిపని."

జపార్ ప్లేటు బయటికి తీసి వెలుగులో పట్టుకున్నాడు. లైనింగు అరిగి అరిగి రివెట్ల తలలు బయటపడ్డాయి. వేడికి ఫ్లైవీలు మీద నీలం మచ్చలు తేలాయి. పెడల్ తొక్కినప్పుడల్లా ఒత్తుకునే రిలీజ్ బేరింగు చిటికెనవేలికి తగిలించుకుని తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరలాడింది. బురుల్ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇదే," అంది. "ఈ చప్పుడే."

జపార్ బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

"దీనిమీద ఎవరో కాలు పెట్టుకుని కాపురం చేశారు."

"ఎవరో ఏమిటి? ఎదురుగానే నిలబడితేనూ!"

"ఈవిడ బండెక్కి ఎన్ని గంటలైంది?"

"పద్నాలుగు."

"ఇది పద్నాలుగు గంటల అరుగుడు కాదురా ఎసెన్. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా, సోమవారం నుంచి శనివారం దాకా తొక్కిన అరుగుడు. నీ విద్యార్థులు గంటకొకరు మారతారు. అందరికీ ఒకటే జబ్బా?"

"అందరూ ఒకటే రకం వెధవలు. నీకేం తెలుసు, నువ్వు గుంతలో కూర్చుంటావు. నేను వాళ్ళ పక్కన కూర్చుంటాను."

జపార్ అతని మొహంలోకి కాసేపు చూశాడు. పొడి మరో చిటికె తీసి పెదవి వెనక పెట్టుకున్నాడు. అంటే ఇక మాటల్లేవని అర్థం.

కొత్త ప్లేటు బిగించేటప్పుడు అది సరిగ్గా మధ్యలో నిలవాలి. లేకపోతే గేర్‌బాక్సు ఎక్కదు. అందుకని పాత షాఫ్టు ముక్క ఒకటి దూర్చి, దాన్ని పట్టుకోమని బురుల్‌కి సైగ చేశాడు. ఆవిడ గుంతలోకి దిగింది. తేనెపెట్టెలో తెట్టె సర్దే మనిషి చేతులవి, తొందర లేదు. షాఫ్టు ఎటు వాలితే అటు వేలితో చిన్నగా నెట్టి, నిలిపి పట్టుకుంది. బోల్టులు బిగిశాయి. గేర్‌బాక్సు మొదటి తోపుకే లోపలికి పోయింది.

"అదృష్టం," అన్నాడు ఎసెన్‌కుల్. ఎవరూ అతనివైపు తిరగలేదు.

బురుల్ వెళ్ళిపోయాక జపార్ ముందు సీటు కిందికి తల దూర్చి చాలాసేపు ఏదో చేశాడు. లేచి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"నీ క్లచ్ పెడల్ కడ్డీలో పిన్ను అరిగిపోయింది, తీసేశాను. కొత్తది గురువారం సాయంత్రానికి గానీ రాదు. అప్పటిదాకా నీ వైపు క్లచ్చు ఉత్తదే. తొక్కినా దేనికీ తగలదు. బ్రేకు మాత్రం పనిచేస్తుంది. భయం లేదు."

"నాకు భయమేమిటి? నా క్లచ్చు నేనెప్పుడు వాడాను గనక!"

* * *

బుధవారం మొదటి పాఠం తిలెక్‌కి. టీచరు ట్రైనింగు చదివే సన్నటి కుర్రాడు. గేరు మార్చేముందు ప్రతిసారీ పెదవులు కదుపుతాడు. వాణ్ణి చూస్తేనే ఎసెన్‌కుల్‌కి ఒళ్ళు మండుతుంది.

"బయలుదేరు మహానుభావా. దేవుణ్ణి తలుచుకున్నావా?"

తిలెక్ క్లచ్చు వదిలాడు. అంతలో ఎక్కడో 'టక్' మంది.

"ఏం విరగ్గొట్టావు?"

"నేనేం చెయ్యలేదు మాస్టారూ."

బండి మెత్తగా కదిలింది. రెండో గేరు పడింది. టక్. బజారు మలుపు దగ్గర గాడిదబండి అడ్డం వచ్చింది. టక్. తిలెక్ బ్రేకు వేసి, ఆగి, మళ్ళీ పోనిచ్చాడు. టక్, టక్. ఎసెన్‌కుల్ వంగి డాష్‌బోర్డు కింద చూశాడు. వదులైన తీగేమీ కనిపించలేదు. కనిపించింది తన ఎడమకాలు. క్లచ్ పెడల్ మీద ఉంది. ఆనుకునే బరువు లేక పెడల్ నేలదాకా పోయి ఉంది. కాలు తీశాడు. చిన్న స్ప్రింగు దాన్ని పైకి లేపింది. కాలు పక్కకి, తలుపు వైపుకి పెట్టుకున్నాడు.

వీధి చివర తిలెక్ మూడో గేరు వెయ్యబోయి పెదవులు కదిపాడు. టక్.

ఆ పాఠం మిగతా గంటంతా ఎసెన్‌కుల్ ఒక్క మాట అనలేదు. తిలెక్ బెదిరిపోయి రెండుసార్లు అతని వైపు చూశాడు. తిట్లు లేని మాస్టారు వాడికి జ్వరం వచ్చిన మాస్టారిలా కనిపించాడు.

రెండో పాఠం బ్యాంకులో పనిచేసే మనిషికి, మూడోది కొత్తగా పెళ్ళైన అమ్మాయికి. ఎవరు బండెక్కినా అదే. విద్యార్థి చెయ్యి గేరు మీదికి పోగానే, ఎదురుగా కుక్క కనబడగానే, ఒక్కోసారి ఏమీ లేకుండానే, ఊరికే పక్కసీటు మనిషి గట్టిగా ఊపిరి పీల్చగానే, టక్. 'వెధవ' అని నోరు అనకముందే కాలు అనేస్తోంది. మోకాలు మడిచి సీటు కిందికి నెట్టాడు. కుడికాలితో తొక్కి పట్టాడు. నిమిషం తిరక్కుండా ఎడమకాలు మళ్ళీ అక్కడే ఉంది, దానికి వేరే యజమాని ఉన్నట్టు.

బండి మాత్రం ఎక్కడా అరవలేదు. కొత్తపెళ్ళికూతురు ఆసుపత్రి ఎత్తు రెండో గేరులో పాటలా ఎక్కించేసి, నమ్మలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"స్టీరింగు!" అని అరిచాడు ఎసెన్‌కుల్. దొరికిన తప్పు అదొక్కటే.

గురువారం మధ్యాహ్నం బురుల్ వచ్చింది. జోళ్ళు విడిచింది, కూర్చుంది. పెడల్ మీద పాదం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆమె కనుబొమలు కాస్త పైకి లేచాయి. తాళం తిప్పింది.

ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా, వంతెన దాటి, తిరిగి వెనక్కి. ఎసెన్‌కుల్ ఆమె తప్పు చెయ్యాలని ఎదురుచూశాడు. అలా ఎదురుచూసిన ప్రతిసారీ పెడల్ టక్కున నేలకి తగిలింది. ఆమె అటు చూడలేదు. రోడ్డు మీద చూపు రోడ్డు మీదే ఉంది. ఎత్తు మధ్యలో ఆపమంటే ఆపింది. బయలుదేరమంటే ఇంజను కాస్త పెంచి, బండి ముక్కు ఒక వేలు లేచేదాకా క్లచ్చు వదిలి, హ్యాండ్‌బ్రేకు దించింది. బండి జానెడు కూడా వెనక్కి జారలేదు.

స్కూలు ముందు ఆపి తాళం తీసి ఇస్తూ, "ముప్పై ఒకటి," అంది.

"ఏమిటి?"

"ఏం లేదు మాస్టారూ. పెట్టెలు లెక్కపెట్టుకునే మనిషిని, చప్పుడైనా లెక్కే. అలవాటు."

* * *

సాయంత్రం ఎసెన్‌కుల్ షెడ్డుకి వెళ్ళేసరికి జపార్ బయట బల్ల మీద కూర్చుని, రొట్టె మీగడలో ముంచుకు తింటున్నాడు. నోట్లో పొడి లేదు. ఎసెన్‌కుల్ నిలబడే అన్నాడు.

"పిన్ను అరగలేదు."

"లేదు." జపార్ చొక్కా జేబులోంచి పిన్ను తీసి బల్ల మీద పెట్టాడు. కొత్తదానిలా మెరుస్తోంది.

"నీకు ముందే తెలుసు."

"మూడేళ్ళుగా తెలుసు. చెప్పానుగా, నిన్నగాక మొన్న కూడా చెప్పాను. నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు. సరే, నీ కాలి చేతే చెప్పిద్దామనుకున్నాను." రొట్టె ముక్క అతని వైపు జరిపాడు. ఎసెన్‌కుల్ ముట్టుకోలేదు. "ఆవిడ సోమవారమే కనిపెట్టింది గదరా. పద్నాలుగు గంటల్లో. నువ్వు నేర్పించేవాడివి."

"అక్కర్లేని మాటలు మాని పిన్ను వెయ్యి. రేపు పరీక్షకి రెండు పెడళ్ళూ పనిచెయ్యాలి. అది రూలు."

"వేస్తాను. మరి నీ కాలో?"

ఎసెన్‌కుల్, జపార్ సీటు కింద తల దూర్చి ఉన్నంతసేపూ షెడ్డు గోడకున్న పాత టైర్లని చూస్తూ నిలబడ్డాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. జపార్ వాగడు. ఆవిడ మాట ఎవడు నమ్ముతాడు? వచ్చే నెల పరీక్షకి పంపిస్తే సరిపోతుంది, ఆవిడకేం కొంప మునగదు. ఇదంతా అతనికి చాలా సబబుగా తోచింది. ఇంటికి పోయి, టీ గిన్నె ముందు కూర్చుని, రెండు గుక్కలు తాగేదాకా సబబుగానే ఉంది.

తర్వాత కార్డు తీశాడు. తన రాత తనే చదువుకున్నాడు. క్లచ్ వాడకం రాదు. కొట్టేశాడు. కొట్టివేతకి కారణం రాసి సంతకం పెట్టాలి. అది లేకపోతే పరీక్ష పెట్టే పోలీసు కెప్టెను ఒప్పుకోడు. 'పొరపాటున' అని రాద్దామనుకున్నాడు. ఏం పొరపాటని అడుగుతాడు, వాడు అడక్క మానడు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఎవరిమీదో కసి తీర్చుకున్నట్టు గట్టిగా నొక్కి రాశాడు. "క్లచ్ కాల్చింది విద్యార్థిని కాదు. శిక్షకుడు పెడల్ మీద కాలు పెట్టుకు కూర్చుంటున్నాడు."

ఫోను చేశాడు.

"రేపు ఎనిమిదింటికి పరీక్ష దగ్గరికి రా."

"ఎందుకు మాస్టారూ? నేను అనర్హురాల్ని గదా."

"రమ్మంటే రావాలి! ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు!"

* * *

కెప్టెను ఒకప్పుడు ఎసెన్‌కుల్ దగ్గరే నేర్చుకున్నాడు. మూడుసార్లు తప్పాడు. ఆ సంగతి వాడూ మరవలేదు, వీడూ మరవనివ్వలేదు. ఇప్పుడు కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత ఆవరణలో వరసగా నిలబడ్డ పన్నెండుమందికీ వినబడేలా పైకి చదివాడు.

ముందు ఎవరూ నవ్వలేదు. తిలెక్ మాత్రం పెదవులు కదిపి ఏదో లెక్క వేసుకున్నాడు. పోయిన నెల తనని పరీక్షకి పంపకుండా ఎందుకు ఆపారో వాడికి ఇప్పుడు అర్థమైనట్టుంది. వాడి మొహం ఎర్రబడింది. అప్పుడు వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసంతా పాకింది. ఎసెన్‌కుల్ టోపీ సర్దుకున్నాడు. ఇరవైరెండేళ్ళు ఇతరుల మొహాల మీద చూసిన ఎరుపు తన చెవుల్లో వేడిగా తెలిసింది.

"పదండి మాస్టారూ," అన్నాడు కెప్టెను, వెనక సీట్లో కాళ్ళు బారచాపుకుని. "ముందు ఈవిడే. రూలు గుర్తుందిగా? పరీక్షలో మీ కాలు పెడల్‌కి తగిలితే ఆవిడ తప్పినట్టే. ఇవాళ నేను రోడ్డు చూడను. మీ కాళ్ళే చూస్తాను."

బురుల్ అద్దం సర్దుకుంది. ఎసెన్‌కుల్ రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. నది వెంబడి రోడ్డు బాగానే గడిచింది. వంతెన దాటాక కెప్టెను ఎడమకి తిప్పమన్నాడు. అది పైరోడ్డుకి పోయే ఎత్తు. రాళ్ళదారి, ఒక పక్క లోయ.

సగం ఎక్కాక పైనుంచి మంద దిగింది. రెండొందల గొర్రెలు, గుర్రం మీద ఒక మనిషి, వెనక రెండు కుక్కలు. బురుల్ ఆపింది. గొర్రెలు బండికి రెండువైపులా పాయలై, తలుపులకి ఒళ్ళు రాసుకుంటూ, తొందరేమీ లేకుండా దిగసాగాయి. ఒకటి బానెట్టు ముందు నిలబడి లోపలికి చూసింది. ఇంజను సన్నగా కొట్టుకుంటోంది. ఎసెన్‌కుల్‌కి వెనక్కి జారుతున్నట్టనిపించింది. జారడం లేదు. అయినా అనిపించింది. ఈవిడ ఇప్పుడు కంగారు పడుతుంది, ఇప్పుడు వదిలేస్తుంది, వెనక్కి పోతాం, ఇప్పుడే. ఎడమకాలు తనంతట తను ముందుకి కదిలింది. రెండు చేతులతో మోకాలి కింద గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు. వెనక కెప్టెను ముందుకి వంగిన చప్పుడు వినబడింది.

మంద అయిపోయింది. చివరి కుక్క దాటింది. బురుల్ ఇంజను పెంచింది. ముక్కు ఒక వేలు లేచింది. కాలు మళ్ళీ గుంజుకుంది, అతను మళ్ళీ పట్టుకున్నాడు, పళ్ళు బిగబట్టి. హ్యాండ్‌బ్రేకు కిందికి దిగింది. చక్రాల కింద రాళ్ళు కరకరలాడాయి. బండి పైకి పాకింది, ఒక మూర, ఒక బార, ఆ తర్వాత లెక్క లేకుండా. కాలిన వాసన లేదు. అడుగునుంచి ఏ మూలుగూ లేదు.

పైరోడ్డు మీద చదునుగా ఉన్నచోట ఆపమన్నాడు కెప్టెను. కార్డు మీద గుర్తు పెట్టి, ముద్ర వేసి, ఊది ఆరబెట్టి ముందుకి అందించాడు. బురుల్ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుంది. థాంక్స్ చెబుతుందేమోనని ఎసెన్‌కుల్ ఒక క్షణం చూశాడు. ఆవిడ కళ్ళు అప్పటికే కొండ మీద ఉన్నాయి. కిందికి వంగి జోళ్ళు వెతుక్కుంటూ అంది.

"ఇక కాళ్ళు చాపుకోండి మాస్టారూ. ఎక్కేశాం."

ఎసెన్‌కుల్ చేతులు వదిలి కాలు చాపబోయాడు. తిమ్మిరెక్కిపోయి అది కదల్లేదు.